బానెట్ మీద క్లియర్ కోటు పెచ్చులూడుతోంది, తక్కువ ఖర్చులో దారేమైనా ఉందా?

నీలిమబ్బు

అందరికీ నమస్కారం. నాది 12 ఏళ్ల కారు, ముదురు నీలం మెటాలిక్. ఇంజన్‌కి వంక పెట్టడానికి లేదు. ఒళ్లే పాడైంది, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన మెరుపు పొర, క్లియర్ కోటు. రెండేళ్ల కిందట బానెట్ మధ్యలో అరచేయంత తెల్లమచ్చ పడింది. పాలిష్ పట్టిస్తే వారం మెరిసి మళ్లీ మామూలే. ఇప్పుడు ఆ మచ్చ అంచులు లేచాయి. కడిగినప్పుడల్లా ఉల్లిపొర లాంటి ముక్కలు గుడ్డకి అంటుకుని వస్తున్నాయి. టాపు మీద కూడా వెనక అద్దం పైన మొదలైంది.

షెడ్డులో బానెట్‌కీ టాపుకీ కలిపి చెప్పిన అంకె విని మారు మాట్లాడకుండా ఇంటికొచ్చేశాను. నా సందేహం ఒకటే. మచ్చ ఉన్నంత మేర క్లియర్ స్ప్రే డబ్బాతో కొట్టేస్తే సరిపోదా? కింద నీలం రంగు బాగానే కనిపిస్తోంది.

గరుకుకాగితం

సరిపోదు. కొట్టారంటే ఆరు నెలల్లో ఇంకా పెద్ద మచ్చతో ఇక్కడికే వస్తారు.

వేలిగోరుని బాగున్న చోటి నుంచి మచ్చలోకి లాగి చూడండి. అంచు దగ్గర గోరు చిన్న మెట్టు దిగుతుంది. దాని మీద ఎంత క్లియర్ కొట్టినా మెట్టు అలాగే ఉంటుంది, పైగా మెరుపు వచ్చాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. అంచుకి అవతల బాగున్నట్టు కనిపించే క్లియర్ కూడా కింది రంగుని సగం వదిలేసే ఉంటుంది. కొత్త పొరలోని థిన్నర్ ఆ సందులోకి దిగి, ఆ అంచుని ముడతలు పడేస్తుంది.

క్లియర్‌కి ప్యానెల్ మధ్యలో ఆగడం అంటూ లేదు. బానెట్ అంటే బానెట్ మొత్తం.

కొలతలు

ఇది ఎందుకు జరుగుతుందో కూడా తెలిస్తే మంచిది. ఫ్యాక్టరీలో బాడీని ముందు తొట్టిలో ముంచి కరెంటుతో ఒక ప్రైమర్ (రంగు కింద వేసే పొర) పట్టిస్తారు, అది 20 మైక్రాన్ల దాకా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని మీద ఇంకో ప్రైమర్ 30, 40 మైక్రాన్లు. రంగు పొర 15, 20 మించదు. పైన క్లియర్ 40, 50. అన్నీ కలిపినా రెండు వెంట్రుకల మందం ఉండదు.

రంగు పొర ఎండకి తట్టుకోలేదు. అతినీలలోహిత కిరణాలని పీల్చుకునే రసాయనాలు క్లియర్‌లోనే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి అయిపోతాయి. కాంపౌండ్ (రుద్దే పేస్టు) పట్టించిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు పోతాయి, వాటితో పాటు ఆ రక్షణ కూడా కొంత పోతుంది. ఆ తర్వాత కిరణాలు రంగు పైముఖాన్ని పొడి చేస్తాయి, క్లియర్ పట్టు తప్పుతుంది. ఎండ నిట్టనిలువుగా పడే బానెట్, టాపు, డిక్కీ పైభాగం ముందు పోతాయి. డోర్లు చివరికి పోతాయి, కొన్ని బండ్లలో అసలు పోవు.

అరచేయంత మచ్చకి పాలిష్ పట్టించానన్నారు కదా. ఆ వారం మెరుపు ఉన్న కాస్త క్లియర్‌నీ అరగదీసి వచ్చింది.

నీలిమబ్బు

అయ్యో. మూడుసార్లు పట్టించాను.

గోరు పెట్టి చూశాను, మెట్టు తగిలింది. టాపు మీద మాత్రం చాలా చోట్ల పాలిపోయిందే గానీ మెట్టు లేదు. అది కూడా పోయినట్టేనా?

గరుకుకాగితం

తెల్లగుడ్డకి కాస్త కాంపౌండ్ రాసి ఆ పాలిపోయిన చోట రుద్దండి. గుడ్డ తెల్లగానో మురికిగానో వస్తే క్లియర్ ఇంకా ఉంది, ఒకసారి తేలిగ్గా పాలిష్ చేసి వ్యాక్స్ పట్టిస్తే కొంతకాలం గడుస్తుంది. గుడ్డకి నీలం అంటితే మీరు రుద్దుతున్నది రంగునే. వెంటనే ఆపేయండి.

మెల్లగాచూద్దాం

12 ఏళ్ల బండికి ఇంత హంగామా ఎందుకు సార్? కింద ప్రైమర్ ఉన్నంతకాలం తుప్పు పట్టదు. లేకపోతే వినైల్ ర్యాప్, అంటే రంగు ప్లాస్టిక్ షీటు, అతికించేయండి. ఒక్క పూట పని.

షెడ్డుమనిషి

ఊడిపోతున్న క్లియర్ మీద ర్యాప్ మాత్రం వేయకండి. ర్యాప్‌కి పట్టు క్లియర్ ఇవ్వాలి, ఆ క్లియర్‌కే పట్టు లేదు. అంచుల మెట్లన్నీ పైకి కనిపిస్తాయి. తీసేటప్పుడు మిగిలిన క్లియర్ కూడా దాంతో వచ్చేస్తుంది. ఏమీ చేయకుండా వదిలేయమంటే ఒప్పుకుంటాను, బండి తిరగడానికి అడ్డం లేదు. కానీ ఆయన అడిగింది అది కాదు కదా.

నేను ఇరవై ఏళ్లుగా పెయింటు స్ప్రే గన్ పట్టుకుంటున్నాను. షెడ్డు బిల్లులో పెద్ద వాటా పెయింటుది కాదు. గన్‌తో పని ఒక గంట, దానికి ముందు రుద్దడం ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజు మీరు పెట్టుకుంటే ఖర్చు చాలావరకు దిగుతుంది. బానెట్‌కి ఇంకో సౌలభ్యం ఉంది తమ్ముడూ, అది విప్పితే వచ్చే ప్యానెల్. కీలు ఒక్కోదానికి మామూలుగా రెండు బోల్టులు. అద్దం కడిగే నీళ్ల గొట్టం బానెట్‌కి ఉంటే అదీ ఊడదీయాలి. విప్పేముందు కీలు చుట్టూ మార్కరుతో గీత గీసుకోండి, మళ్లీ బిగించేటప్పుడు సందులు సరిగ్గా కుదురుతాయి. ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒక్కడే విప్పబోయి ముందు అద్దం పగలగొట్టుకున్నవాళ్లని చూశాను.

ఇంట్లో రుద్ది, ప్రైమర్ వేసి, నున్న చేసి, విడి బానెట్ తెచ్చి "రంగూ క్లియరూ మాత్రం వేయండి" అనండి. కారుకి కాగితాలు చుట్టే పని కూడా మాకు తప్పుతుంది. కాకపోతే వేరేవాళ్లు రుద్దినదానికి గ్యారంటీ "ఇవ్వం" అనే షెడ్లున్నాయి, ముందే మాట్లాడుకోండి.

చుక్కలరాణి

మొత్తం డబ్బాలతోనే చేసుకోవచ్చు కదా? నేను నా కారు వెనక బంపర్ అలాగే చేశాను. ఈ పేరు పెట్టుకుంది కూడా ఆ పని తర్వాతే. 😀

రంగు కొట్టగానే బంపర్ అంతా చేపకళ్లలా గుండ్రటి గుంటలు పడ్డాయి. కారణం ఏంటంటే, ముందురోజు అదే చోట డ్యాష్‌బోర్డుకి సిలికాన్ పాలిష్ కొట్టాను. ఆ తుంపర బంపర్ మీద వాలింది. నేను దాన్ని శుభ్రం చేయకుండా నేరుగా వాటర్ పేపర్‌తో రుద్దాను, సిలికాన్ గీతల్లోకి దిగిపోయింది. మొత్తం తీసేసి మళ్లీ మొదటి నుంచి. నా అనుభవంతో చెబుతున్నా, గ్రీజు తీసే ద్రవంతో తుడవడం రుద్దకముందు ఒకసారి, రుద్దాక ఇంకోసారి. ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపు ఇంకో పొడిగుడ్డతో తుడిచేయాలి. అలాగే ఆరనిస్తే మురికి మళ్లీ అక్కడే కూర్చుంటుంది.

రెండోసారి బాగానే వచ్చింది. బానెట్ అంత పెద్ద చదునైన ప్యానెల్ మీద డబ్బాతో వస్తుందో లేదో నాకూ అనుమానమే. బంపర్ ఒంపుల్లో తప్పులు దాక్కుంటాయి.

కొత్తడ్రైవరు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాదీ బంపరే, ప్లాస్టిక్ బయటపడింది. రాణి గారూ, నేరుగా ప్రైమర్ కొట్టేయొచ్చా?

చుక్కలరాణి

వద్దు. బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ రకం ప్లాస్టిక్, దానికి పెయింటు సరిగ్గా పట్టదు. ప్లాస్టిక్ బయటపడిన చోట ముందు అడెషన్ ప్రమోటర్ అని దొరికేది ఒక పల్చటి పొర కొట్టి, డబ్బా మీద చెప్పిన సమయంలోపు ప్రైమర్ వేయండి. అది వేయని బంపర్ మీద నీళ్ల ప్రెషర్ గన్ పెడితే పెయింటు తువ్వాలులా లేచి వస్తుంది.

కొలతలు

డబ్బాల విషయంలో ఒక తేడా చెప్పాలి. మామూలు క్లియర్ డబ్బా 1కె, అందులో హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) ఉండదు. థిన్నర్ ఎగిరిపోయి ఆరుతుందంతే. పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది, ఎండకీ ఎక్కువకాలం నిలవదు. 2కె డబ్బా అడుగున ఒక మీట ఉంటుంది. నొక్కితే లోపల హార్డెనర్ కలుస్తుంది. ఆ తర్వాత డబ్బా మీద రాసిన గడువులోపు వాడేయాలి, సాధారణంగా ఒకట్రెండు రోజులు. లోపలే గట్టిపడిపోతుంది మరి. నిలబడేది 2కె.

గరుకుకాగితం

అవును, 2కె డబ్బా తీసుకుని కార్బన్ మాస్కు పెట్టుకుని ఆరుబయట కొట్టేయండి. నేను రెండుసార్లు చేశాను.

షెడ్డుమనిషి

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. 2కె హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. గాలిలో ప్రమాదం కలిగించే మోతాదులో ఉన్నా వాసనకి తెలియదు. అందుకే మాస్కులో కార్బన్ అయిపోయిందో లేదో ముక్కుకి అందదు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొద్దిపాటి తుంపరకే ఆయాసం వస్తుంది, అది పోదు. మంచి పనివాడు, నా పక్క గన్ మీద ఉండేవాడు, ఇదే కారణంతో పెయింటింగ్ మానేశాడు. ఇప్పుడు పక్క షెడ్డులో ఎవరైనా క్లియర్ కొడుతుంటే ఈ వైపు రాలేడు. మేం బయటి నుంచి పైపుతో స్వచ్ఛమైన గాలి వచ్చే మాస్కు వేసుకుంటాం. చర్మం మీదా, కళ్లలోనూ పడకూడదు.

డబ్బు ఆదా చేయడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. ఊపిరితిత్తులు వద్దు.

గరుకుకాగితం

సరే అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. 1కె డబ్బాతో చేసేవాళ్లు ఇంకో రెండేళ్లలో మళ్లీ చేయడానికి సిద్ధపడి చేసుకోండి. నీలిమబ్బు గారికైతే షెడ్డుమనిషి అన్న చెప్పిన దారే బాగుంది.

ఇక రుద్దడం గురించి. ఇందులో తొందరపడితే పైన ఎంత మంచి క్లియర్ వేసినా దండగే.

ముందు ఊడుతున్న క్లియర్ అంతా తీయాలి. 320 నంబరు గరుకు కాగితంతో పొడిగా మొదలుపెట్టండి, తెల్లటి పొడి రాలుతుంది. అంచు దగ్గర మెట్టు కరిగే దాకా వెడల్పుగా రుద్దుకుంటూ పోవాలి. సరిగ్గా చేస్తే చెట్టు మొద్దు కోసినప్పుడు కనిపించే వలయాల్లా పొరలు కనిపిస్తాయి. బయట మసకబారిన క్లియర్, లోపల నీలం, ఇంకా లోపలికి పోతే బూడిద రంగు ప్రైమర్. ఈ వలయాలు ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. కళ్లు మూసుకుని అరచేత్తో తడిమితే ఏ వలయం ఎక్కడ మారిందో తెలియకూడదు. కంటికంటే చేతినే నమ్మండి.

రబ్బరు దిమ్మకి కాగితం చుట్టి రుద్దండి. వట్టి వేళ్లతో నొక్కితే వేళ్ల గాడులు పడతాయి, ఇప్పుడు కనిపించవు, క్లియర్ పడ్డాక నాలుగు చారలై నవ్వుతాయి. బానెట్ అంచులకీ, మధ్యలో లేచి ఉండే గీతలకీ మాస్కింగ్ టేపు అతికించి, అక్కడ చివర్లో చేత్తో తేలిగ్గా అనండి. అక్కడ పొర పల్చన, రెండు రుద్దులకే రేకు బయటపడుతుంది.

పొడి పీల్చకండి. దీనికి మామూలు డస్టు మాస్కు చాలు.

నీలిమబ్బు

శనివారం, ఆదివారం అయిపోయాయి. భుజాలు రెండూ పోయాయి. నా బావమరిదిని సాయానికి పిలిచి బానెట్ విప్పాను, గీత గీశాను, అద్దం భద్రంగానే ఉంది.

వలయాలు వచ్చాయి! నిజంగానే చెట్టు మొద్దులా ఉన్నాయి. కానీ మీరు చెప్పిన చోటే దెబ్బ తగిలింది. మధ్య గీత మీద టేపు ఊడిపోయింది, నేను చూసుకోలేదు, వేలెడు పొడవున రేకు తెల్లగా మెరుస్తోంది. ఇంకో చోట చిన్న రాయి దెబ్బ కింద నల్ల చుక్క, అది తుప్పేనా?

షెడ్డుమనిషి

తుప్పే. చుక్క చుట్టూ మెరిసే రేకు కనిపించేదాకా రుద్దండి. గుంటలో నల్లగా మిగిలితే కొనదేలిన దేనితోనైనా గీకి తీయాలి. దాని మీద అలాగే రంగు వేస్తే లోపలి నుంచి పొక్కులా లేస్తుంది.

రేకు బయటపడ్డ చోట్ల మామూలు ప్రైమర్ నేరుగా వద్దు, ముందు ఎపాక్సీ ప్రైమర్. ఎచ్ ప్రైమర్ (రేకుని కొద్దిగా కొరికి పట్టుకునేది) దొరికితే అదైనా సరే, కాకపోతే దాని మీద పుట్టీ పెట్టకూడదు. రేకు ముట్టుకున్న చేతి చెమటకే తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది కాబట్టి ఈరోజే వేసేయండి. తర్వాత మొత్తం బానెట్‌కి మందంగా పట్టే ప్రైమర్ రెండు మూడు కోట్లు. డబ్బాలైతే రెండు కావాలి. హార్డెనర్ కలపాల్సినవి మాత్రం తీసుకోవద్దు, ఇందాక చెప్పిన కారణమే.

చుక్కలరాణి

డబ్బా కొట్టేటప్పుడు: గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా పడుతుంది. గోరువెచ్చన అంటే గోరువెచ్చనే, వేడినీళ్లలో పెడితే డబ్బా పేలుతుంది. ప్యానెల్‌కి జానెడు దూరం. మీట నొక్కడం ప్యానెల్ బయట మొదలుపెట్టి బయటే వదలాలి, చేతిని ఊపేటప్పుడు మణికట్టు తిప్పకూడదు. ఒక్కో వరస ముందు వరసని సగం కప్పాలి. కోటుకీ కోటుకీ మధ్య పది నిమిషాలు ఆగండి. ఆగకపోతే లోపల చిక్కుకున్న థిన్నర్ తర్వాత సూదిమొనంత బుడగలై పైకొస్తుంది. ఎండలో కాలిన బానెట్ మీద అసలే వద్దు.

గరుకుకాగితం

ప్రైమర్ ఆరాక దాని మీద నల్ల స్ప్రే దూరం నుంచి దుమ్ము చల్లినట్టు కొట్టండి. తర్వాత దిమ్మతో 400, ఆ తర్వాత 600, తడితో. ఎత్తుగా ఉన్న చోట నలుపు ముందు పోతుంది, గుంటల్లో చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. నలుపు అంతా పోయిందంటే చదును అయినట్టు. దీనికి మించిన అద్దం లేదు.

నీలిమబ్బు

ఒక ఘనకార్యం చేశాను. ప్రైమర్ వేసి, 600 దాకా రుద్ది, ఎంత బాగుందో అని వరండాలో గోడకి ఆనించి పడుకున్నాను. రాత్రి వాన. జల్లు కొట్టి సగం బానెట్ తడిసింది. పొద్దున తుడిచేశాను, ఆరినట్టే కనిపిస్తోంది. షెడ్డుకి తీసుకెళ్లిపోవచ్చా?

షెడ్డుమనిషి

ఆగండి. ప్రైమర్ స్పాంజి లాంటిది, నీళ్లు తాగుతుంది. పైన ఆరినట్టుంటుంది, లోపల తేమ ఉంటుంది. దాని మీద రంగూ క్లియరూ పడితే ఎండ తగిలినప్పుడు ఆ తేమ పొక్కులుగా లేస్తుంది. మూడు రోజులు నీడలో, గాలి ఆడే చోట ఉంచండి. రేకు బయటపడి ఎపాక్సీ వేసిన చోట్లు చూడండి, గోధుమ రంగు చుక్కలేమైనా వస్తున్నాయా? రాకపోతే 600తో పైపైన మళ్లీ ఒకసారి రుద్ది పట్టుకెళ్లండి.

మెల్లగాచూద్దాం

నేను ముందే చెప్పాను. 😀

నీలిమబ్బు

చుక్కలు రాలేదు. హమ్మయ్య.

ఇంకో టెన్షన్. రంగు కలుస్తుందా? డోరు సందులో స్టిక్కర్ మీద రంగు కోడ్ దొరికింది.

కొలతలు

కోడ్ ఇస్తే ఫ్యాక్టరీ రోజున ఉన్న నీలం వస్తుంది. మీ బండి మీద ఉన్నది 12 ఏళ్ల ఎండ తిన్న నీలం. పైగా మెటాలిక్‌లో అల్యూమినియం రేకులు ఎలా పడుకుంటాయన్నది గన్ ప్రెషర్‌ని బట్టీ, పొర ఎంత తడిగా పడిందన్నదాన్ని బట్టీ మారుతుంది. అదే డబ్బాలోని అదే రంగు ఇద్దరు కొడితే రెండు రకాలుగా కనిపించొచ్చు. ముందు ఒక అట్టముక్క మీద కొట్టించి, దానికి క్లియర్ కూడా వేయించి, మడ్‌గార్డు పక్కన పెట్టి నేరుగా ఒకసారి, వాలుగా ఒకసారి చూడండి. క్లియర్ లేకుండా పోల్చొద్దు, రంగు దాని కింద ముదురుతుంది.

షెడ్డుమనిషి

ఇంత రుద్ది ఇప్పుడు రంగు దగ్గర రాజీపడకండి. బానెట్‌కీ మడ్‌గార్డుకీ మధ్య సందు ఉంటుంది, తలం కూడా మారుతుంది కాబట్టి చిన్న తేడా కంటికి ఆనదు. అదే మడ్‌గార్డుకీ డోరుకీ అయితే పక్కపక్కన ఒకే తలంలో ఉంటాయి, పట్టిచ్చేస్తుంది. మీ నీలం ఫరవాలేదు. ముత్యాల తెలుపు అయితే మూడు పొరల వ్యవహారం, నేనే భయపడతాను.

నీలిమబ్బు

వారం తర్వాత వస్తున్నాను. బానెట్ ఇచ్చేశాను, అట్టముక్క రెండుసార్లు కొట్టించాను, రెండోది కలిసింది. షెడ్డాయన చేయి పెట్టి తడిమి "ఎవరు రుద్దారు?" అని అడిగాడు. ఇంతకంటే పొగడ్త నాకు ఉద్యోగంలో కూడా రాలేదు.

బిల్లు ఎంతయిందో అడుగుతారని తెలుసు. వాళ్లు మొదట బానెట్‌కి చెప్పిన దాంట్లో సగానికి తక్కువ. కాగితాలు, ప్రైమర్లు, ద్రవాలు, మాస్కులు అన్నీ కలిపి ఇంకో చిన్న మొత్తం. నా శని ఆదివారాలకి లెక్క కట్టలేదు.

లోపాలు లేవని కాదు. ముందు అంచు దగ్గర క్లియర్ ఒక చుక్క కారింది. ఎడమ మూలన చిన్న దోమ ఇరుక్కుంది. పక్క నుంచి చూస్తే నారింజ తొక్కలా సన్నటి గరుకు ఉంది. షెడ్డాయన పాలిష్ చేస్తానన్నాడు గానీ అది నేనే చేసుకుంటానని చెప్పాను.

గరుకుకాగితం

దోమని ఇప్పుడు ముట్టుకోకండి. క్లియర్ పూర్తిగా గట్టిపడ్డాక, ఒక వారం ఆగితే నిశ్చింత, 1500తో దిమ్మ పెట్టి తడితో రుద్దితే ఆ చోట చదును అవుతుంది. కారిన చుక్కని ముందు చుట్టూ టేపు వేసి, చుక్కనే చిన్న దిమ్మతో అరగదీయండి. టేపు లేకపోతే చుక్క కంటే పక్కన ఉన్నది ముందు అరుగుతుంది. తర్వాత 2000, 3000, కాంపౌండ్, చివర్న పాలిష్. అంచుల దగ్గరికి మాత్రం 1500 తీసుకెళ్లొద్దు.

నారింజ తొక్కని మొత్తం తీయాలని కూర్చోకండి. షోరూమ్ నుంచి వచ్చే బండికి కూడా కాస్త ఉంటుంది. ఇప్పుడే వేయించిన మైక్రాన్లని మీరే మళ్లీ తీసేసుకోవడం ఎందుకు?

షెడ్డుమనిషి

నెల రోజుల దాకా వ్యాక్స్ పెట్టొద్దు, లోపలి థిన్నర్ ఇంకా బయటికి పోతూ ఉంటుంది. పిట్టల రెట్ట పడితే మాత్రం ఆ రోజే నీళ్లతో కడిగేయండి. కొత్త క్లియర్‌కి అదే పెద్ద శత్రువు.

నీలిమబ్బు

దోమ పోయింది. కారిన చోట వెతికినా దొరకడం లేదు. బానెట్ బిగించాం, గీతల మీదికే వచ్చి కూర్చుంది.

ఇప్పుడు కొత్త సమస్య. బానెట్ పక్కన మడ్‌గార్డులు రెండూ ముసలివైపోయాయి. టాపు మీద తెల్లగుడ్డ పరీక్ష చేశాను, అద్దం పైన రెండు చోట్ల నీలం అంటింది, మిగతా అంతా తెల్లగానే ఉంది. టాపు విప్పడానికి రాదు కదా. దాన్ని ఏం చేయమంటారు?

చుక్కలరాణి

వానాకాలం పోనివ్వండి. ఈలోపు భుజాలకి విశ్రాంతి ఇవ్వండి.